పాత ఎస్‌యూవీలో ఆటోమేటిక్ గేర్లు మొరాయిస్తే: ఆయిల్ మార్చాలా, రిపేరు చేయించాలా, గేర్‌బాక్సే మార్చాలా, బండి అమ్మేయాలా?

రెండేళ్ల కిందట వానాకాలంలో మా పాత డీజిల్ ఎస్‌యూవీ ఔటర్ రింగు రోడ్డు మీద ఉన్నట్టుండి ఒకే గేరులో బిగుసుకుపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుపే తప్ప వేగం పెరగలేదు. పదకొండేళ్ల బండి. అప్పటికి లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. మొదట తీసుకెళ్లిన వర్క్‌షాపులో ఒక కుర్రాడు వీధి చివరి దాకా నడిపి వచ్చి, గేర్‌బాక్సు పోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఆయన చెప్పిన మొత్తం, ఆ బండిని అమ్మితే వచ్చే ధరలో దాదాపు సగం. స్కానర్ పెట్టలేదు, ఆయిల్ చూడలేదు.

రెండో చోట ఒక పెద్దాయన బండి దగ్గరికి కూడా రాకుండా కూర్చున్న చోటు నుంచే అడిగారు: "ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బాగుపడుతోందా?" బాగుపడుతోంది, కాసేపటికి మళ్లీ మొదలవుతోంది అన్నాను. "అరిగిపోయిన ప్లేట్లు తాళం తిప్పితే కొత్తవి అవుతాయా?" అని నవ్వి బండిని జాకీ మీదకు ఎక్కించమన్నారు. గేర్‌బాక్సు పక్కన ఉండే వైర్ల కనెక్టర్‌లోకి నీరు చేరి పిన్నులు పచ్చబడి ఉన్నాయి. శుభ్రం చేసి కనెక్టర్ మార్చినందుకు ఆయన తీసుకున్నది మా నలుగురం హోటల్లో భోంచేస్తే అయ్యేంత.

ఇలాంటి కథ చెప్పి "చూశారా, అన్నీ చవగ్గా తేలిపోతాయి" అనడం మోసమే అవుతుంది. మరుసటి ఏడాది అదే బండిలో టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) వణుకు మొదలైంది. దానికి గేర్‌బాక్సు దించక తప్పలేదు, జేబు కూడా గట్టిగానే ఖాళీ అయింది. ఈ రెండు అనుభవాల నుంచి నాకు అర్థమైనది ఒకటే. ఆయిల్ మార్పు, సోలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే చిన్న వాల్వు) మార్పు, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఆయా దారుల్లోకి పంపే వాల్వుల దిమ్మ), ఓవర్‌హాలింగ్ (అంతా విప్పి అరిగినవి మార్చి బిగించడం), సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్సు అనేవి ఒకే జబ్బుకు చవక, ఖరీదు మందులు కావు. అవి వేర్వేరు జబ్బులకు మందులు. జబ్బు తేలకముందే ధరలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే గోటితో పోయేదానికి గొడ్డలి వాడతాం, లేదా గొడ్డలి కావాల్సిన చోట గోటితో గీరుతూ నెలలు గడుపుతాం.

ఇక్కడ చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ ఉన్న సంప్రదాయ ఆటోమేటిక్ గురించే. మన రోడ్ల మీద ఉన్న పాత స్కార్పియో ఆటోమేటిక్, ఎక్స్‌యూవీ500 ఆటోమేటిక్, మొదటి తరం ఫార్చ్యూనర్, ఎండీవర్, పజెరో స్పోర్ట్, రెక్స్‌టన్ ఈ కోవకు చెందినవి. సీవీటీ, డ్యూయల్ క్లచ్, ఏఎంటీ అనే మిగతా రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్సుల లోపలి నిర్మాణం వేరు, వాటి జబ్బులూ వేరు.

అసలు దోషం గేర్‌బాక్సుదేనా?

ఈ ప్రశ్న వేసుకోకుండా గేర్‌బాక్సు విప్పించుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడో, ఆగి కదిలేటప్పుడో వెనక నుంచి ఎవరో తట్టినట్టు "ధన్" మంటే చాలామంది గేరు గట్టిగా పడిందనుకుంటారు. వెనక చక్రాలకు శక్తినిచ్చే బండ్లలో, అంటే మన పాత ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగంలో, అది ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీలో) ముందుకూ వెనక్కూ జారే జాయింట్ ఎండిపోవడం కావచ్చు. టయోటా పెద్ద బండ్లలో ఇది పాత కథే, గ్రీజు కొడితే పోతుంది. ఆ షాఫ్ట్ కొసల్లోని యూనివర్సల్ జాయింట్లు వదులైనా ఇదే శబ్దం వస్తుంది. ఇంజనునూ గేర్‌బాక్సునూ బండికి పట్టి ఉంచే మౌంట్ల రబ్బరు చచ్చిపోతే ప్రతి గేరు మార్పూ రెండింతలు గట్టిగా తెలుస్తుంది.

డీజిల్ బండిలో టర్బో గొట్టం చిట్లితే ఇంజనుకు బలం తగ్గుతుంది. కావలసిన వేగం కోసం మనం యాక్సిలరేటర్ మరింత తొక్కుతాం. డ్రైవరు దూకుడుగా నడుపుతున్నాడని గేర్‌బాక్సు కంప్యూటర్ అనుకుని పై గేరు ఆలస్యంగా వేస్తుంది. చూసేవాళ్లకు గేర్లు పడడం లేదనిపిస్తుంది, నిజానికి గేర్‌బాక్సు తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది వణుకు. 60, 80 కిలోమీటర్ల మధ్య యాక్సిలరేటర్ తేలిగ్గా ఆనించి ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు, టోల్ గేటు ముందు వేసే గరుకు పట్టీల మీద పోతున్నట్టు రెండు మూడు సెకన్లు బండి వణికితే రెండు అనుమానాలు పుడతాయి. ఒకటి ఇంజనులో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం, రెండోది టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ (ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఇంజనును గేర్‌బాక్సుతో నేరుగా కలిపేది) సరిగ్గా పట్టకుండా జారడం. దీన్ని తేల్చే చిట్కా చాలా బండ్లలో పనిచేస్తుంది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట, వెనక ఎవరూ లేనప్పుడు, యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే తాకండి. బ్రేకు సంకేతం అందగానే కంప్యూటర్ లాకప్ వదిలేస్తుంది. ఆ క్షణంలోనే వణుకు ఆగిపోతే అనుమానం లాకప్ మీదకు పోతుంది, ఆగకపోతే ఇంజను వైపు చూడాలి.

ఎప్పుడు, ఏ గేరులో

గేర్‌బాక్సు లోపల మూడు రకాల పనులు జరుగుతుంటాయి. పంపు ఆయిల్‌కు పీడనం ఇస్తుంది. కంప్యూటర్ సోలెనాయిడ్ల ద్వారా ఆ ఆయిల్‌ను ఎటు పంపాలో ఆజ్ఞాపిస్తుంది. ఆ ఆయిల్ వెళ్లి క్లచ్ ప్లేట్లను బిగిస్తే గేరు పడుతుంది. పీడనం తగ్గినా, ఆజ్ఞ తప్పినా, ప్లేట్లు అరిగినా మనకు కనిపించేది మాత్రం ఒకటే: "గేరు సరిగ్గా పడడం లేదు." తేడా తెలిసేది లక్షణం కనిపించే వేళను బట్టి.

పొద్దున్నే మొదటిసారి డీ లోకి వేస్తే రెండు మూడు సెకన్లు ఆలోచించి కదిలి, తర్వాత రోజంతా బాగుంటే, రాత్రి కన్వర్టర్ నుంచి ఆయిల్ కిందకు జారిపోవడమో, లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడడమో కారణం. ఆయిల్ మట్టం తగ్గినా ఇలాగే ఉంటుంది కనుక ముందు అది చూసుకోవాలి. దీనికి విరుద్ధంగా పొద్దున చక్కగా ఉండి, అరగంట ట్రాఫిక్‌లో నలిగాక మొరాయిస్తే, వేడికి పలచబడిన ఆయిల్ అరిగిన సందుల్లోంచి కారిపోయి పీడనం పడిపోతోందన్నమాట. వేడెక్కినప్పుడు మాత్రమే తెగే సోలెనాయిడ్ తీగ చుట్ట కూడా ఇదే వేషం వేస్తుంది.

ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బాగుపడడం, ఒకే గేరులో బిగుసుకుపోవడం, మీటర్ బోర్డు మీద హెచ్చరిక వెలగడం కలిసి వస్తే కంప్యూటర్ తనంతట తాను రక్షణ స్థితిలోకి వెళ్లిందని అర్థం. ఏదో ఒక సంకేతం దానికి నచ్చలేదు. కారణం విద్యుత్తు వైపు ఉండే అవకాశం ఎక్కువ. లోపల ప్లేట్లు జారినా కంప్యూటర్ ఈ స్థితిలోకి వెళ్లగలదు కాబట్టి స్కానర్ లేకుండా తీర్పు చెప్పకూడదు.

ఏ గేరు పోయిందన్నది ఇంకా మంచి సాక్ష్యం. జనరల్ మోటార్స్ ఆరు గేర్ల గేర్‌బాక్సు ఒకదానిలో మూడు, అయిదు, రివర్సు గేర్లకు ఒకే క్లచ్ పనిచేస్తుంది. అమెరికాలో షెవర్లే ట్రావర్స్, జీఎంసీ అకేడియా బండ్ల తొలి ఏళ్ల మోడళ్లలో ఆ క్లచ్‌లోని అలల ఆకారపు రేకు విరిగితే ఆ మూడు గేర్లూ ఒకేసారి మాయమయ్యేవి. మూడు గేర్లకు కలిపి ఒకే భాగం ఉందని తెలిసినవాడికి గేర్‌బాక్సు విప్పకముందే రోగం తెలుస్తుంది. మీ గేర్‌బాక్సు మోడల్ పేరు తెలుసుకుని, ఏ గేరులో ఏ క్లచ్ పనిచేస్తుందో చూపే పట్టిక సంపాదించండి. మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇంకో ముచ్చట. 1987 నుంచి 2001 దాకా జీప్ చెరోకీలో వాడిన ఏడబ్ల్యూ4 అనే నాలుగు గేర్ల, ఐసిన్ కంపెనీ గేర్‌బాక్సుకు ఒక సదుపాయం ఉంది. దాని కంప్యూటర్‌కు కరెంటు తీసేస్తే గేర్లు పూర్తిగా చేతిలోకి వస్తాయి: గేర్ లివర్ 1-2 స్థానంలో మొదటి గేరు, 3లో మూడో గేరు, డీ లో నాలుగో గేరు. ఫ్యూజు తీసి, చేత్తో వేస్తే అన్నీ సరిగ్గా పడుతుంటే గేర్‌బాక్సు యంత్రం మంచిదే, దోషం వైర్లలోనో, సెన్సర్లలోనో, కంప్యూటర్‌లోనో ఉంది. అయిదు నిమిషాల పరీక్షతో లోపలి రోగమా, బయటి రోగమా తేలిపోతుంది. ఇప్పటి గేర్‌బాక్సులు ఇంత ఉదారంగా ఉండవు, కానీ వేయాల్సిన ప్రశ్న అదే.

ఆయిల్: చవకైన దారి, అన్నిటికీ మందు కాదు

ముందు చూడండి, ఆ తర్వాతే మార్చండి. డిప్‌స్టిక్ ఉన్న బండ్లలో చాలావాటికి బండి వేడెక్కాక, సమతల నేల మీద, ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మట్టం చూడాలి. హోండాలో మాత్రం వేడెక్కాక ఇంజను ఆపి, నిమిషంన్నర లోపు చూడాలి. ఇంజను ఆయిల్ చూసినట్టు చల్లటి బండిలో చూసి, తక్కువైందనో ఎక్కువైందనో తీర్పు ఇవ్వకూడదు. ఎక్కువ పోసినా ప్రమాదమే. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగకు పీడనం నిలవదు. డిప్‌స్టిక్ లేని బండ్లలో ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు అడుగున ఉన్న బిరడా తీసి చూస్తారు. స్కానర్‌లో ఆ ఉష్ణోగ్రత చూడకుండా ఆయిల్ నింపే చోట ఈ పని చేయించకండి.

కొత్త ఆయిల్ సాధారణంగా ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగితే వయసు మీద పడింది. నల్లగా మారి, మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలాయి. గులాబీ రంగు మిల్క్‌షేక్‌లా ఉంటే బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. రేడియేటర్ లోపల ఉండే గేర్‌బాక్సు ఆయిల్ కూలర్ చిట్లి కూలెంట్ (ఇంజనును చల్లబరిచే నీళ్ల ద్రవం) ఆయిల్‌లో కలిసిందన్నమాట. క్లచ్ ప్లేట్ల మీది పొర కాగితం లాంటి పదార్థం, జిగురుతో అతికించి ఉంటుంది. నీరు తగిలితే ఊడిపోతుంది. 2005–2010 నాటి నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా బండ్ల విషయంలో అమెరికాలో దీని మీదే యజమానులు ఉమ్మడి దావా వేశారు. ఆ బండ్లు కొన్నవాళ్లలో కొందరు ఏ జబ్బూ లేకముందే రేడియేటర్ మార్చేసుకునేవారు, లేదా బయట వేరే కూలర్ పెట్టించుకునేవారు. ఏ కంపెనీ బండైనా పదేళ్లు దాటి, రేడియేటర్ మొదటిదే అయితే ఆ ముందుచూపు మనకూ పనికొస్తుంది.

గేర్‌బాక్సు కింద ఉండే ఆయిల్ పళ్లెం, అంటే పాన్, విప్పినప్పుడు అడుగున అయస్కాంతాలు కనిపిస్తాయి. వాటి మీద బూడిదరంగు మెత్తటి గుజ్జు ఉండడం మామూలే, భయపడనక్కర్లేదు. గోరులాంటి ఉక్కు ముక్కలు, మెరిసే ఇత్తడి రేణువులు కనిపిస్తే లోపల బేరింగులో, బుష్‌లో అరుగుతున్నాయి. ఆ పాన్ ఫోటో తీసుకోండి. మరో మెకానిక్ అభిప్రాయం అడిగేటప్పుడు ఆ ఫోటో పది మాటల పెట్టు.

డ్రెయిన్ బిరడా తీస్తే ఆయిల్ అంతా రాదు. కన్వర్టర్‌లో, కూలర్‌లో బోలెడంత మిగులుతుంది. మొత్తం పది లీటర్లు పట్టే గేర్‌బాక్సులో ఒకసారికి నాలుగు లీటర్లు దిగుతుందనుకుందాం. ఒకసారి మారిస్తే లోపల ఆరు లీటర్లు పాతదే. మధ్యలో కొంత నడిపి మొత్తం మూడుసార్లు మారిస్తే పాతది రెండు లీటర్ల చిల్లరకు తగ్గుతుంది. పాత బండికి నాకు నచ్చిన పద్ధతి ఇదే, ఫిల్టర్ మార్పుతో కలిపి. యంత్రం పెట్టి బలంగా తోసే ఫ్లష్ మీద నాకు మోజు లేదు. అడుగున కూర్చున్న మురికిని లేపి వాల్వ్ బాడీ సన్నటి దారుల్లోకి పంపే ప్రమాదం దానితో ఉంది.

"పాత ఆయిల్ మారిస్తే గేర్‌బాక్సు చస్తుంది" అన్న మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది. గేర్లు అప్పటికే జారుతూ, ఆయిల్ మాడిపోయి ఉంటే కొత్త ఆయిల్ అరిగిన ప్లేట్లను తిరిగి తేలేదు. నాలుగు రోజుల్లో అది పడుకుంటే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. జారుడు లేకుండా కాస్త జర్కులు, లాకప్ వణుకు, ఆలస్యం మాత్రమే ఉంటే ఆయిల్ మార్పు ప్రయత్నించదగినదే. లాకప్ వణుకు కొన్నిసార్లు దానితోనే పోతుంది. నా బండికి పోలేదు.

ఏ ఆయిల్ పోయాలన్న విషయంలో మొహమాటపడకండి. మాన్యువల్ గేర్‌బాక్సుకు వాడే చిక్కటి గేర్ ఆయిల్‌కూ దీనికీ సంబంధం లేదు. ఆటోమేటిక్ ఆయిళ్లలోనూ ఒకదానికి మరొకటి పనికిరాదు. టయోటా టీ-4 రకం ఆయిల్ కావాల్సిన చోట దాని కంటే పలచటి డబ్ల్యూఎస్ రకం పోయకూడదు. మిత్సుబిషి ఎస్‌పీ-3 రకం ఆయిల్ అడిగే గేర్‌బాక్సుకు అదే ఇవ్వాలి. హోండాకు హోండా ఆయిలే. "అన్నిటికీ సరిపోతుంది" అని డబ్బా మీద రాసి ఉన్నది చూస్తే నాకు అన్ని రోగాలకూ ఒకే లేహ్యం అమ్మే సంత వైద్యుడు గుర్తొస్తాడు. జీవితాంతం ఆయిల్ మార్చనక్కర్లేదన్న కంపెనీల మాటను కూడా వారంటీ కాలానికే వర్తింపజేసుకోండి. బీఎండబ్ల్యూ వంటి బండ్లకు గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ తానే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో ఆయిల్ మార్చమని చెబుతోంది.

కరెంటు వైపు

స్కానర్ పెట్టించండి. ఇంజను కోడ్లు (కంప్యూటర్ నమోదు చేసుకునే లోపాల సంకేతాలు) మాత్రమే చదివే చవక పరికరం చాలదు, గేర్‌బాక్సు కంప్యూటర్‌తో మాట్లాడేది కావాలి. పీ0700 కోడ్ వస్తే "గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి అక్కడ అడుగు" అని మాత్రమే అర్థం. ఆ కోడ్ చూపించి గేర్‌బాక్సు మార్చమంటే ఉత్తరం విప్పకుండానే కవరు మీద చిరునామా చూసి లోపలి విషయం చెప్పినట్టు. పీ0715, పీ0720 వేగం సెన్సర్లకు, పీ0705 గేర్ లివర్ స్థానం చెప్పే స్విచ్చికి, పీ0750 నుంచి మొదలయ్యే వరస షిఫ్ట్ సోలెనాయిడ్లకు చెందినవి. వీటిలో చాలావాటిని గేర్‌బాక్సు దించకుండానే బాగుచేయవచ్చు. పీ0730 వరస వస్తే గేరు నిష్పత్తి తప్పుతోందని, అంటే లోపల నిజంగానే ఏదో జారుతోందని అనుమానించాలి. పీ0741 లాకప్‌కు సంబంధించినది.

వీటన్నిటికంటే ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు చూడండి. ఓల్టేజి పడిపోతే కంప్యూటర్లు వింత కోడ్లు కక్కుతాయి.

మహీంద్రా మన దేశంలో అమ్మిన రెక్స్‌టన్ ఆటోమేటిక్‌లో మెర్సిడెస్ అయిదు గేర్ల గేర్‌బాక్సు ఉంది. ఆ కుటుంబానికి పేరుమోసిన బలహీనత రెండు చోట్ల. వైర్లు లోపలికి వెళ్లే గుండ్రటి ప్లగ్గు రబ్బరు రింగులు ఎండిపోతే ఆయిల్ కారుతుంది. అంతటితో ఆగక వైర్ల లోపలి నుంచి దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు ఎక్కి కంప్యూటర్ దాకా చేరుతుంది. రెండోది వేగం సెన్సర్లు అమర్చి ఉన్న కండక్టర్ ప్లేటు. అది చెడితే బండి ఆగి కదిలాక రెండో గేరులోనే ఉండిపోతుంది. ఈ రెండింటికీ పాన్ విప్పితే చాలు. ఇలాంటి బండికి "గేర్‌బాక్సు మార్చాలి" అని ఎవరైనా అంటే ప్లగ్గు విప్పి చూపించమనండి.

వాల్వ్ బాడీ, టార్క్ కన్వర్టర్

ఆయిల్ శుభ్రంగా ఉంది, పాన్‌లో లోహం లేదు, కోడ్ లేదు లేదా సోలెనాయిడ్ కోడ్ వస్తోంది, అయినా ఒకే ఒక గేరు మార్పు దగ్గర ప్రతిసారీ తన్నుతోంది లేక ఇంజను ఒక్క క్షణం ఉత్తుత్తిగా అరుస్తోంది. ఈ లక్షణాల కలయిక వాల్వ్ బాడీ వైపు చూపుతుంది. వాల్వులు జారే రంధ్రాలు అరిగి ఆయిల్ దారి తప్పుతుంది. దీన్ని చాలా బండ్లలో పాన్ విప్పి కింద నుంచే దించవచ్చు కనుక ఓవర్‌హాలింగ్ కంటే ఖర్చు బాగా తక్కువ. సోలెనాయిడ్లు ఒక్కొక్కటి మార్చుకుంటూ పోవడం కంటే, బండి లక్షన్నర కిలోమీటర్లు దాటి ఉంటే, పునరుద్ధరించిన పూర్తి వాల్వ్ బాడీ తీసుకోవడమే నా ఓటు. ప్రతిసారీ పాన్ విప్పే కూలి, ఆయిల్ ఖర్చు కలిపితే రెండో విడతకే తేడా మాయమవుతుంది.

టార్క్ కన్వర్టర్ మార్చాలంటే మాత్రం గేర్‌బాక్సు దించాల్సిందే. ఖర్చులో పెద్ద వాటా ఆ దించి ఎక్కించే కూలిదే కాబట్టి, దించినప్పుడే పంపు ముందున్న సీలు, బుష్, ఇంజను వెనక సీలు మార్పించుకోవాలి. నేను వెనక సీలు వద్దన్నాను. ఆరు నెలల తర్వాత దాని నుంచే ఆయిల్ కారడం మొదలైంది.

ఓవర్‌హాలింగా, సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్సా

రివర్సు పూర్తిగా పోయింది, లేదా వేడెక్కాక ఏ గేరులోనూ లాగడం లేదు, ఆయిల్ మాడింది, పాన్‌లో లోహం ఉంది. ఇక్కడికొచ్చాక పై దారులన్నీ డబ్బు దండగ. అసలు పోలిక అవసరమయ్యేది ఇప్పుడే.

సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్సు చవక, త్వరగా పని అవుతుంది. కానీ మీరు కొనేది మరొకరి గతాన్ని. ప్రమాదంలో నుజ్జయిన బండి నుంచి తీసినదైతే మంచిదే కావచ్చు, ఎందుకంటే ఆ బండి ఢీకొనే నిమిషం వరకు నడుస్తూనే ఉంది. గేర్‌బాక్సు చెడిపోయి తుక్కుకు వెళ్లిన బండి నుంచి తీసినదైతే మీ రోగాన్నే మళ్లీ కొనుక్కుంటున్నారు. ఏ బండి నుంచి తీశారో, ఛాసిస్ నంబరు ఏమిటో అడగండి. జవాబు తడబడితే వచ్చేయండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి దొరకని సామాను ఉండదు, కానీ పాత ఎస్‌యూవీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు లారీ ఇరుసు కాదు, చూసి తట్టి కొనడానికి వీలుండదు. ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుప్పేట పాత సామాను మార్కెట్ల నుంచి పార్శిల్‌లో తెప్పించుకునేవాళ్లు పాన్ విప్పిన ఫోటో, ఆయిల్ రంగు చూశాకే డబ్బు పంపాలి. ఇంజను రకం, తయారీ ఏడాది, గేర్‌బాక్సు మీది కోడ్ నంబరు సరిపోవాలి. రెండు చక్రాల శక్తి బండిదీ, నాలుగు చక్రాల శక్తి బండిదీ వెనక భాగంలో తేడాగా ఉంటాయి.

ఓవర్‌హాలింగ్‌లో ప్లేట్లు, సీళ్లు కొత్తవి పడతాయి కాబట్టి మీ గేర్‌బాక్సుకు ఏం జరిగిందో మీకు తెలుస్తుంది. బలహీనత ఒక్కటే, చేసే చెయ్యి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులు మన ఊళ్లలో తక్కువ. పాత స్కార్పియో ఆటోమేటిక్‌లో వాడింది డీఎస్‌ఐ అనే ఆస్ట్రేలియా కంపెనీ ఆరు గేర్ల గేర్‌బాక్సు. ఆ కంపెనీ 2009లో ఆర్థికంగా కుప్పకూలి చైనా కంపెనీ గీలీ చేతికి వెళ్లింది. ఇలాంటి వాటికి పని మొదలుపెట్టకముందే సామాను ఎక్కడి నుంచి తెస్తారో తేల్చుకోవాలి. లేకపోతే విప్పిన గేర్‌బాక్సు గోనెపట్టా మీద పరిచి నెలల తరబడి ఉంటుంది.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. నమ్మకమైన మెకానిక్, సామాను దొరికే మోడల్ రెండూ ఉంటే ఓవర్‌హాలింగ్. మెకానిక్ ఉన్నా సామాను లేకపోతే, గతం తెలిసిన సెకండ్ హ్యాండ్. రెండూ లేకపోతే బండిని అలాగే అమ్మేయడం. కంపెనీ నుంచి కొత్త గేర్‌బాక్సు పదేళ్లు దాటిన బండికి దాదాపు ఎప్పుడూ గిట్టదు.

ఏ దారి పట్టినా ఒక షరతు. పాత గేర్‌బాక్సు లోహపు పొడి కూలర్‌లో, దాని గొట్టాల్లో పేరుకుని ఉంటుంది. కూలర్ మార్చకుండానో, కడగకుండానో కొత్త గేర్‌బాక్సు ఎక్కిస్తే ఆ పొడి మొదటి రోజే దాని కడుపులోకి పోతుంది. చాలా ఓవర్‌హాలింగులు మూడు నెలలకే మళ్లీ చెడడానికి ఇదో పెద్ద కారణం. బిల్లులో కూలర్ పద్దు కనిపించకపోతే అడగండి. "లైన్ ప్రెషర్ గేజి (లోపలి ఆయిల్ పీడనం కొలిచే మీటరు) పెట్టి చూశారా?" అని కూడా అడగండి. గేజి లేని చోట ఓవర్‌హాలింగ్‌కు ఇవ్వకపోవడమే మంచిది.

లెక్క

రిపేరు ఖర్చును బండి ధరతో పోల్చడం తప్పు లెక్క. బాగున్న స్థితిలో దాని ధర, చెడిన స్థితిలో దాని ధర, ఈ రెండింటి తేడాతో పోల్చాలి. ఉదాహరణకు బాగుంటే 6 లక్షలు, గేర్‌బాక్సు చెడి ఉంటే మూడున్నర లక్షలు వస్తుందనుకుందాం. తేడా రెండున్నర లక్షలు. రిపేరుకు లక్షన్నర అయితే అమ్మదలచుకున్నా సరే బాగుచేయించే అమ్మాలి. 3 లక్షలయితే, ఆ బండిని ఇంకో మూడు నాలుగేళ్లు మీరే వాడదలిస్తే తప్ప ముట్టుకోకూడదు.

ఆ మూడు నాలుగేళ్లు నిజంగా ఉన్నాయా అన్నది రిజిస్ట్రేషన్ కాగితం చెబుతుంది. 15 ఏళ్లు నిండితే సామర్థ్య పరీక్ష చేయించి మళ్లీ రిజిస్టర్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో సొంత కారుకు ఆ రుసుమునే 5,000 రూపాయలు చేశారు, రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. పద్నాలుగో ఏట గేర్‌బాక్సు చెడిన బండికీ, తొమ్మిదో ఏట చెడిన బండికీ జవాబు ఒకటి కాదు.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిప్పకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాక, అక్కడి పెద్ద ఎస్‌యూవీలు చాలా దక్షిణాదికి వచ్చాయి. చవగ్గా దొరికిందని అలాంటి బండి కొన్నవారు, సర్వీసు పుస్తకం లేకపోతే, గేర్‌బాక్సు ఆయిల్ పుట్టాక ఒక్కసారి కూడా మారలేదనే అనుకుని మొదలుపెట్టాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక అదనపు సౌకర్యం ఉంది. వాడిన బండి కొనేముందు, లేదా రిపేరుకు ఇచ్చేముందు, బండి వీఐఎన్ నంబరుతో (ఒక్కో బండికి ఉండే గుర్తింపు సంఖ్యతో) రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం, ఉందో లేదో ఉచితంగా చూసుకోవచ్చు. 2004లో హోండా పదకొండు లక్షల దాకా బండ్లను వెనక్కి పిలిచింది. వాటిలో 2003, 2004 పైలట్ ఎస్‌యూవీలు కూడా ఉన్నాయి. రెండో గేరు వేడెక్కి పళ్లు విరిగే ప్రమాదమే కారణం. తక్కువ తిరిగిన బండ్లకు ఆ గేరు మీదకు అదనంగా ఆయిల్ చిమ్మే చిన్న గొట్టం అమర్చారు. ఇలాంటి పనిని కంపెనీయే చేయాల్సి ఉండగా సొంత డబ్బుతో చేయించుకోవడం ఎందుకు?

దారిలో ఆగిపోతే

తాడు కట్టి లాగించకండి. ఇంజను ఆగితే గేర్‌బాక్సు పంపు తిరగదు, చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా రాసుకుంటాయి. న్యూట్రల్‌లో పెట్టినా అంతే. వెనక చక్రాల శక్తి బండికైనా, నాలుగు చక్రాల శక్తి బండికైనా ముందు చక్రాలు పైకెత్తి లాగడం కూడా కుదరదు. బల్లలా ఉండే టోయింగ్ లారీనే పిలవండి, రెండు గంటలు ఆలస్యమైనా సరే. ఆ రోజు ఔటర్ రింగు రోడ్డు మీద సాయానికి ఆగిన ఒక ట్రాక్టరు డ్రైవరు ఉత్సాహంగా గొలుసు తీశాడు. టీకి డబ్బులిచ్చి, దండం పెట్టి పంపించేశాను.